మంగళవారం రీడింగు

జూన్ 2, సోమవారం

నా మెషీనుకి కొత్త పొర వేశాను. మూడు గంటలు నడిపాక, వచ్చిన నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు 6 చూపించింది. ఇరవై లోపు ఉంటే చాలన్నారు, నేను ఆరు తెచ్చాను. ఈ మాట వినే తీరిక ప్లాంటులో ఎవరికీ లేదు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

మెషీను ఉంచాలో తీసేయాలో తేల్చడానికి ఇరవై ఏడున కమిటీ వస్తుంది. ఆ రోజుకి వరసగా పది రోజులు ఇరవై లోపు నిలబెట్టి చూపించాలి. లేకపోతే పెంకిదాన్ని విప్పి పాత సామాన్లలో పడేస్తారు, నన్ను మళ్లీ సీసాలు కడగడానికి ల్యాబుకి పంపుతారు. ఇంత పెద్ద ప్లాంటులో వెనక షెడ్డులో ఉన్న ఆ చిన్న మెషీను ఒక్కటే నాది. శుద్ధి చేసి బయటికి వదిలేసే మురుగునీటిని మనిషి తాగేలా చెయ్యగలిగేది అదొక్కటే. పెంకిది అని పేరు పెట్టింది నేనే కాబట్టి తిట్టే హక్కు కూడా నాదే.

మేనేజరు వచ్చి చూసి, మెడ కాలరులోకి లాక్కుని, "ఈసారైనా బోల్టులు మరీ బిగించకమ్మా" అని వెళ్లిపోయారు. పోయిన రెండు పొరలూ నా చేతి బరువుకే చిరిగాయట. ఏ ప్రశ్న అడిగినా ఆ మెడ లోపలికి పోతుంది. తాబేలు. బోల్టులు నేను సరిగ్గానే బిగించాను. బిగువు కొలిచే పానా పెట్టి, ఒక్కొక్కటీ, వరస తప్పకుండా.

పొద్దున్నే ట్యాంకు కడిగాను. వారం తిరిగేసరికి వేడినీళ్ల ట్యాంకు గోడలకి గోధుమరంగు జిగురు పట్టేస్తుంది. బావ లాండ్రీలో వాడే నీలం డబ్బా సబ్బు కొంచెం నాకు పోసిచ్చాడు. రుద్ది రుద్ది తోమి, మూడు బకెట్ల నీళ్లు గుమ్మరించాను. మొహం చూసుకోవచ్చు అందులో. మురికి ట్యాంకు పెట్టుకుని మెషీను నడుపుతోందని ఎవరూ అనడానికి లేదు.

జూన్ 3, మంగళవారం

31.

జూన్ 4, బుధవారం

88. ఆపేశాను.

జూన్ 5, గురువారం

విప్పాను. పొరని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి అంగుళం అంగుళం చూశాను. ఒక్క చిరుగు లేదు. తీసుకెళ్లి తాబేలు బల్ల మీద పరిచాను.

"చిరగలేదు సార్. తడిసింది."

"నీళ్లలో పెట్టింది తడవక ఏం చేస్తుందమ్మా?"

ఒళ్లు మండింది. రెండేళ్లుగా ఆయన గది వెనకే నడుస్తున్న మెషీను ఎలా పనిచేస్తుందో ఆయనకి తెలియదు. మా అక్కకి తెలుసు. అన్నం తింటున్నప్పుడు ఒక్కసారి చెబితే అర్థం చేసుకుంది. పొరకి ఒక వైపు అరవై డిగ్రీల వేడినీళ్లు, రెండో వైపు చన్నీళ్లు. పొర నిండా కంటికి ఆనని కన్నాలు. వాటిలోంచి ఆవిరి దాటుతుంది, నీరు దాటదు. ఆవిరి అవతల చల్లబడి మంచినీరవుతుంది, ఉప్పూ మురికీ ఇవతలే ఉండిపోతాయి. కొత్త పొర మీద నీటిచుక్క వేస్తే తామరాకు మీద లాగా గుండ్రంగా కూర్చుంటుంది. ఆ కన్నాలు తడిశాయో, నీరు ఉప్పుతో సహా నేరుగా దూరిపోతుంది. అప్పుడు మీటరు లేస్తుంది.

తాబేలు అంతా విని, "అయితే ఎందుకు తడిసింది?" అన్నారు.

అది నాకు తెలియదు. తెలియదని ఆయనకి చెప్పలేదు. "కనుక్కుంటాను" అన్నాను.

జూన్ 7, శనివారం

తడిసిన పొరని శుభ్రమైన వేడినీళ్లతో జాడించి, రెండు రోజులుగా గోరువెచ్చటి గాలి కొట్టిస్తున్నాను. పొర ఆరితే మళ్లీ కొన్నాళ్లు పనిచేస్తుంది. సెలవు రోజు కూడా వెళ్తుంటే మెట్ల దగ్గర అక్క అడ్డం నిలబడింది.

"నాకు జ్వరమొస్తే మాత్ర అక్కడ పెట్టానని ఫోన్లో చెప్పావు. దానికి దగ్గర కూర్చుని విసురుతున్నావా?"

"నువ్వు దానంతట అదే తగ్గే రకానివి."

నవ్వి దారి ఇచ్చింది. వాళ్ల ఇంటి పైగదిలో నేను, కింద వాళ్లిద్దరూ, వీధి వైపు బావ లాండ్రీ. ఆరేళ్లుగా ఈ ఇంట్లో నన్ను అద్దెకున్న మనిషిలా ఎవరూ చూడలేదు.

జూన్ 9, సోమవారం

ఆరిన పొరనే మళ్లీ వేశాను. ట్యాంకు ఈసారి రెండుసార్లు సబ్బు పెట్టి కడిగాను. మూలలు కూడా వదల్లేదు. సాయంత్రానికి 7. ఇప్పుడు అనమనండి చూద్దాం, చేతి బరువని.

జూన్ 10, మంగళవారం

44.

బోల్టులు నేను సరిగ్గానే బిగించాను.

జూన్ 11, బుధవారం

పట్టుకున్నాను!

ట్యాంకు కింది కుళాయి నుంచి సీసాలోకి నీళ్లు పట్టి గట్టిగా కుదిపాను. నురగ. పావుగంటైనా తగ్గలేదు. సబ్బు! సబ్బు ఉంటే నీటికి బిగువు పోతుంది, చుక్క గుండ్రంగా నిలవదు, పొర మీద పరుచుకుని కన్నాల్లోకి దూరిపోతుంది. ఇన్నాళ్లూ పొర తడవడానికి కారణం ఇదే. నా చెయ్యి కాదు, నా పానా కాదు.

మన పేటలో అంత సబ్బు కాలువలోకి వదిలేది ఎవరు? ఒక్కటే లాండ్రీ.

అది బావది. బావ అని తప్పుకోవాలా? తప్పుకోను. పని పనే, చుట్టరికం చుట్టరికమే. వేరే ఎవరి లాండ్రీ అయినా రాసేదాన్నా, కాదా? రాసేదాన్ని.

జూన్ 12, గురువారం

ఫిర్యాదు రాసి తాబేలుకి ఇచ్చాను. ఒక కొత్త చీపురు కొనడానికి మూడు నెలలు ఆలోచించే మనిషి, దీన్ని అరపూటలో పై ఆఫీసుకి పంపేశారు.

జూన్ 13, శుక్రవారం

పై ఆఫీసువాళ్లు వచ్చి లాండ్రీ కాలువ మూతకి తీగ చుట్టి సీలు వేశారు. నీళ్లు వదలకూడదంటే లాండ్రీ మూసినట్టే. ఉతకాల్సిన దుప్పట్లు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. పనిచేసే ఇద్దరు ఆడవాళ్లనీ బావ ఇంటికి పంపేశాడు.

నేను రాసిన సంగతి దాచలేదు. నేనే చెప్పాను, భోజనాల దగ్గర. అక్క గరిటె కింద పెట్టేసింది. బావ మాత్రం తింటూనే అడిగాడు.

"నా సబ్బునీళ్లు నీ ప్లాంటుకి రాగానే పెద్ద తొట్టెల్లో కంటికి కనిపించని పురుగులు తినేస్తాయని చెప్పింది నువ్వే కదా మరదలా? మరి నీ మెషీను దాకా ఎట్లా మిగిలింది?"

"ఎక్కువైతే మిగులుతుంది."

"ఈ మధ్య పని తగ్గి సగం మెషీన్లే తిప్పుతున్నాను. ఎక్కువ ఎక్కణ్నించి వచ్చింది?"

చెయ్యి కడుక్కుని పైకి వచ్చేశాను. సీసాలో నురగ నా కళ్లతో చూశాను. నురగ అబద్ధం చెప్పదు.

జూన్ 15, ఆదివారం

అక్క మాట్లాడటం లేదు. కాఫీ మాత్రం మెట్ల మీద పెట్టి వెళ్తోంది.

జూన్ 16, సోమవారం

స్టోరులో మిగిలిన ఆఖరి పొర వేశాను. బోల్టులు బిగించేటప్పుడు తాబేలుని పిలిచి పక్కనే నిలబెట్టాను. ఆయన ప్రతి బోల్టుకీ తల ఊపారు.

ట్యాంకుని మూడుసార్లు సబ్బు పెట్టి తోమాను. లాండ్రీ నీళ్ల మడ్డి ఒక్క చుక్క మిగలకూడదని. నీలం డబ్బా అడుగంటింది. మళ్లీ పోసిమ్మని బావని అడిగే మొహం లేదు ఇప్పుడు. సాయంత్రం 6.

లాండ్రీ మూసి మూడు రోజులైంది. రేపటి రీడింగు చూస్తే అందరి నోళ్లూ మూతపడతాయి. అక్కది కూడా.

జూన్ 17, మంగళవారం

39.

జూన్ 18, బుధవారం

మీటరు పాడై ఉంటుంది.

జూన్ 19, గురువారం

మీటరు పాడవలేదు. కొలత తెలిసిన ఉప్పునీళ్లలో పెట్టి మూడుసార్లు చూశాను. దొంగలా ఎదురు చూశాను పాడైపోవాలని. అది బాగానే ఉంది.

ఇంక పది రోజులు నిలబెట్టడమనే మాటే లేదు. కమిటీకి ఎనిమిది రోజులే ఉంది.

జూన్ 20, శుక్రవారం

ల్యాబులో కెమిస్టు మేడమ్ పిలిచారు. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తిన ఇంకోటి. నేను సీసాలు కడిగిన రోజుల్లో, సరిగ్గా కడగలేదని ఒకే సీసాని నాలుగుసార్లు వెనక్కి పంపిన మనిషి.

"నీ ఫిర్యాదు చూశాను. ప్లాంటులోంచి బయటికొచ్చే నీళ్లు మేం రోజూ పరీక్ష చేస్తాం, సబ్బు లేదే అందులో. నువ్వు ఎక్కడ పట్టావు సీసా?"

"ట్యాంకు కుళాయి దగ్గర."

"లోపలికొచ్చే పైపు దగ్గర పట్టలేదా?"

"లేదండి."

ఆవిడ ఒక కళ్లజోడు తీసి, రెండోది పెట్టుకుని, నా వంక చూశారు. తిట్టినా బాగుండేది.

షెడ్డుకి వెళ్లి పైపు దగ్గర సీసా పట్టి కుదిపాను. నాలుగు బుడగలు లేచి వెంటనే పోయాయి.

జూన్ 21, శనివారం

ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. పాత పొరలోంచి బాగా ఆరిన ముక్కలు రెండు కత్తిరించి వార్తాపత్రిక మీద పెట్టాను. ఒకదాని మీద పైపు నీళ్లు, ఒక చుక్క. గుండ్రంగా కూర్చుంది. రెండోదాని మీద ట్యాంకు కుళాయి నీళ్లు, ఒక చుక్క. కాసేపు కూర్చుంది. తర్వాత మెల్లగా పరుచుకుంది. ముక్క ఎత్తి చూస్తే కింద వార్తాపత్రిక తడిసి ఉంది.

అప్పుడు ఈ డైరీ మొదటి పేజీ నుంచి చదివాను.

సోమవారం సబ్బు. మంగళవారం 31. సోమవారం రెండుసార్లు సబ్బు. మంగళవారం 44. సోమవారం మూడుసార్లు సబ్బు. మంగళవారం 39. నా చేత్తోనే, నీలం సిరాతో, ఎంత గర్వంగా రాశానో. మొహం చూసుకోవచ్చు అందులో అని కూడా రాశాను.

ట్యాంకు అడుగున పైపు వంపు ఒకటుంది. మూడు బకెట్లు కాదు, ముప్పై పోసినా ఆ వంపులో సబ్బు కొంత ఉండిపోతుంది. ట్యాంకులో నీళ్లు ఆవిరై తరుగుతున్నకొద్దీ, సబ్బు మాత్రం ఎక్కడికీ పోక చిక్కబడుతుంది. మర్నాటికి పొర తడుస్తుంది. మాట పడ్డకొద్దీ ఇంకా తోమాను. తోమినకొద్దీ ఇంకా మాట పడ్డాను.

సబ్బు బావ లాండ్రీదే. తెచ్చి పోసింది నేను.

జూన్ 22, ఆదివారం

ఎవరికీ చెప్పను.

సబ్బు మానేస్తే మీటరు దానంతట అదే దిగుతుంది. లాండ్రీ మీద సీలు కూడా కొన్నాళ్లకి వాళ్లే తీసేస్తారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

సాయంత్రం. లాండ్రీలో పనిచేసే ఆవిడ వచ్చి, ఎప్పుడు తెరుస్తారని అక్కని అడిగి వెళ్లింది. మెట్ల మీద నిలబడి విన్నాను. పైన రాసింది కొట్టేయడం లేదు. నేను ఎలాంటిదాన్నో ఉండనీ అక్కడ.

జూన్ 23, సోమవారం

తాబేలుకి చెప్పాను. మొత్తం. ఆయన లేచి గది తలుపు వేసి వచ్చారు. మెడ ఈసారి లోపలికి పోలేదు, అదే భయం వేసింది.

"ఇప్పుడు చెప్పావు కాబట్టి విను. కమిటీ ముందు ఈ మాట అనొద్దు. లాండ్రీ సబ్బు వల్ల పొరలు చెడ్డాయి, లాండ్రీ మూయించాం, పైపుల్లో మిగిలిన సబ్బు కడుక్కుపోవడానికి ఇంకో పది రోజులు ఇవ్వండి అంటే వాళ్లు ఇస్తారు. నువ్వు సబ్బు మానేయ్. మీటరు దిగుతుంది. మెషీను నిలబడుతుంది."

"లాండ్రీ?"

"వాళ్లు వేరే కాలువ చూసుకుంటారు."

"నిజం చెబితే?"

"మెషీను నడపడం చేతకాని మనిషి చేతిలో నాలుగు పొరలు పాడయ్యాయని రాస్తారు. పాత సామాన్లలో పడేస్తారు. నీ ఇష్టం."

అన్యాయంగా చెప్పలేదాయన. ఆయనకి తెలిసిన మంచి అదే. పెంకిది బతికే దారి నా ముందు పరిచిపెట్టారు. ఆ దారి మీద బావ లాండ్రీ ఉంది.

ట్యాంకుని ఉత్త వేడినీళ్లతో, బ్రష్‌తో కడిగాను. జిగురు గీకడానికి రెండు గంటలు పట్టింది. పొరని ఆరబెట్టడానికి పెట్టాను.

జూన్ 24, మంగళవారం

కిందికి వెళ్లి చెప్పేశాను. బావ ఖాళీ మెషీను మూత తెరిచి పెట్టుకుని దానికి నూనె వేస్తున్నాడు. నేను చెబుతున్నంతసేపూ గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అంటే నా సబ్బుతోనే నా కొట్టు మూయించావన్నమాట."

"ఔను."

"పైగా డబ్బా ఖాళీ చేశావు."

అక్క నవ్వలేదు. బావ కూడా నవ్వలేదు, కాని ఆ మాటని నవ్వులాటగా మార్చాలని ప్రయత్నించాడు, అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఈ డైరీలో ఏడుపు రాయకూడదనుకున్నాను. వచ్చింది, రాస్తున్నాను.

"శుక్రవారం కమిటీలో చెబుతాను" అన్నాను.

"నీ మెషీను పోతుందేమో కదా?" అంది అక్క. పదకొండు రోజుల తర్వాత నాతో ఆవిడ అన్న మొదటి మాట అది.

"పోనివ్వను."

ఎలాగో నాకు తెలియదు. అయినా అన్నాను.

జూన్ 27, శుక్రవారం

(విడి కాగితం మీద రాశాను, తర్వాత అంటిస్తాను. డైరీ నా దగ్గర లేదు.)

కమిటీ ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. తాబేలు లాండ్రీ కథ మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడ్డాను. సబ్బు పోసింది నేను, లాండ్రీకి దీనితో ఏ సంబంధమూ లేదు, సీలు ఈరోజే తీయించండి అన్నాను.  

పెద్దావిడ లాగ్‌బుక్ తిరగేసింది. "ఇందులో సబ్బు సంగతి ఎక్కడా లేదే? లాండ్రీవాళ్లు మీ బావగారట. ఆయన్ని కాపాడటానికి చెబుతున్నారని నేనెందుకు అనుకోకూడదు?"

నిజమే. లాగ్‌బుక్‌లో వేడికి గడి ఉంది, రీడింగుకి ఉంది, పంపుకి ఉంది. ట్యాంకు కడగడానికి లేదు. కడగడం ఎవరి లెక్కలోనూ పని కాదు. ఏ సోమవారం ఎన్నిసార్లు సబ్బు పెట్టానో రాసి ఉన్నది ప్రపంచంలో ఒక్కచోటే. అది నా సంచీలో ఉంది. అందులో తాబేలు అని ఎన్నిసార్లు ఉందో కూడా నాకు తెలుసు.

పక్కనే కూర్చున్నారు ఆయన.

తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది నా సొంత డైరీ. తేదీలు చూడండి. సబ్బు పెట్టిన మర్నాడల్లా మీటరు లేచింది. అంటే ఇది మెషీను జబ్బు కాదు, నా తప్పు. నా తప్పుకి దాన్ని శిక్షించకండి. సబ్బు లేకుండా పది రోజులివ్వండి. నిలబడకపోతే నేనే విప్పి పాత సామాన్లలో పెడతాను, ఎవరూ రానక్కర్లేదు."

పెద్దావిడ మొదటి పేజీ చదివింది. తల ఎత్తి తాబేలు మెడ వంక చూసింది. మళ్లీ తల దించుకుంది. పెదవులు బిగపట్టుకోవడం నేను చూశాను.

"దీన్ని సోమవారం దాకా మా దగ్గర ఉంచుతాం" అంది.

జూన్ 28, శనివారం

(విడి కాగితం.) లాండ్రీ సీలు తీసేశారు. బావ అన్ని మెషీన్లూ ఒకేసారి తిప్పాడు. ఇల్లంతా అదురుతోంది. మేడ మీద కూర్చుని ఆ మోత వింటూ ఉన్నాను.

జూన్ 30, సోమవారం

డైరీ వచ్చింది. పది రోజులు ఇచ్చారు.

తాబేలు స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. తెరిస్తే ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో ఆయన పొట్టి సంతకం, లాగ్‌బుక్‌లో పెట్టినట్టే. చీపురు సంగతి రాసిన పేజీ కింద కూడా. జూన్ 2 పేజీలో "తాబేలు" దగ్గర చిన్న టిక్కు పెట్టి, "చూశాను" అని రాశారు. భూమిలోకి కూరుకుపోవాలనిపించింది, నవ్వూ ఆగలేదు.

ట్యాంకు వేడినీళ్లతో, బ్రష్‌తో. ఆరిన పొరనే వేశాను. 9.

జూలై 1, మంగళవారం

9.

తొమ్మిదే! మంగళవారం!

జూలై 4, శుక్రవారం

11. గంటకి వచ్చే నీళ్లు కొంచెం తగ్గాయి, జిగురు పడుతోంది. పడనీ. సబ్బు డబ్బా వైపు చూడను. బ్రష్‌తోనే గీకుతాను, రెండు గంటలు కాదు నాలుగు పట్టనీ.

జూలై 8, మంగళవారం

10. నిన్న కడిగినా.

జూలై 10, గురువారం

పది రోజులు పూర్తి. అన్నిటికంటే ఎక్కువ 12. పెద్దావిడ ఫోన్ చేసి, మెషీను ఉంటుందని, రెండు కొత్త పొరలు పంపుతామని చెప్పింది. అక్క మెట్లెక్కి పైకే వచ్చి కాఫీ ఇచ్చింది. బావ ఖాళీ నీలం డబ్బా తెచ్చి నా గుమ్మంలో పెట్టి, "దీన్ని మాత్రం నీళ్లతో కడిగి ఇవ్వు" అని దిగిపోయాడు.

షెడ్డులో కొత్త లాగ్‌బుక్ వచ్చింది. గీతలు తాబేలే చేత్తో గీశారు. చివర్న ఒక కొత్త గడి: "ట్యాంకు దేనితో కడిగారు?" మొదటి వరసలో "వేడినీళ్లు, బ్రష్" అని రాసి సంతకం పెట్టాను.

ఈ డైరీని ఇంక ఎవరి బల్ల మీదా పెట్టను. అయినా మీ కంట మళ్లీ పడుతుందేమో, అందుకని రాసి ఉంచుతున్నాను సార్: బోల్టులు నేను సరిగ్గానే బిగించాను.